సొంతదారు లేని శోకం

కల్లిరోయికి అరవై ఒకటో ఏడు. శవం లేని చోట ఆమె ఒక్కసారి కూడా శోకాలు పెట్టలేదు. పన్నెండో ఏట నాయనమ్మ పక్కన కూర్చుని మొదలుపెట్టింది. మాని అనే కొండసీమలోని ఆ నాలుగు ఊళ్ళలో ఎవరు పోయినా కబురు ముందు ఆమెకు, తరవాత చర్చి పూజారికి వెళ్ళేది. పోయినవాడి పేరు, వాడి ఆలివ్ చెట్లు, వాడి మొండితనం, అన్నీ అప్పటికప్పుడు పాటలో పేర్చేది. ఇంట్లో మాత్రం ఆ బాణీ కూనిరాగంగా కూడా తీయదు. చావు లేని చోట శోకం ఎత్తితే అది ఎవరో ఒకర్ని వెతుక్కుంటుందని అక్కడ అందరికీ భయం.

జూన్‌లో ఏథెన్స్ నుంచి దనాయి అనే నాటక దర్శకురాలు వచ్చింది. రెండున్నర వేల ఏళ్ళ నాటి విషాద నాటకాన్ని ఊరి పైన, చుట్టూ మెట్లున్న పాత నూర్పిళ్ళ రాతి కళ్ళంలో ఆడించాలని ఆమె పట్టుదల. అందులో కొడుకు శవం మీద పడి తల్లి ఏడుస్తుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అందుకుంటారు.

"ఏథెన్స్‌లో ఈ ఘట్టానికి రికార్డు చేసిన సంగీతం పెడతారత్తా. జనం ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. నాకు మీ ఏడుపే కావాలి" అంది.

కల్లిరోయి రెండు వారాలు తిప్పించుకుని ఒప్పుకుంది. నేర్పుతుందంతే, కళ్ళంలో అడుగుపెట్టదు. పాటలో పేరు ఎప్పుడో పోయినవాళ్ళదే ఉండాలి. ముప్పై ఏళ్ళ కిందట పోయిన తండ్రి దికేయోస్ పేరుతోనే నాటకంలో వేసే అమ్మాయిలకు నేర్పింది.

ఆగస్టులో, ఆట రోజు పొద్దున ఆఖరి రిహార్సల్. కల్లిరోయి అమ్మాయిల నల్లగుడ్డలకు పిన్నులు పెడుతోంది. తల్లి వేషం వేసిన నెఫెలి గొంతెత్తింది.

"లే పియెరోస్, లేచి రా నా పియెరోస్..."

పిన్నుల డబ్బా కల్లిరోయి చేతిలోంచి జారిపోయింది.

"ఎవరి పేరే అది?"

నెఫెలి బిత్తరపోయింది. "దికేయోస్ అంటే ఎవరో తాతగారిలా ఉన్నాడత్తా, కొడుకనిపించడం లేదు. మొన్న మీ ఇంట్లో మామయ్య చేపలు వేయించి పెట్టాడుగా, ముళ్ళు కూడా తీసి... ఆయన పేరనుకోగానే ఏడుపొచ్చేసింది."

"ఆయన పెట్టిన కూడు తిని ఆయన్నే పాడె ఎక్కించావా తల్లీ!"

దనాయి పరుగున వచ్చింది. "సాయంత్రం ఆ పేరు రాదత్తా. తీసేస్తాం."

"తీసేస్తే? పొద్దున పిలిచిన పిలుపు ఎక్కడికి పోతుంది?"

పియెరోస్ ఆమె మొగుడు. వలలు తీయడానికి తెల్లారకముందే పడవలో వెళ్ళాడు. మధ్యాహ్నానికి రావలసినవాడు రాలేదు. గాలి లేచింది. సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన కొండమొన దాటితే ఫోను అందదని ఆమెకు తెలుసు. అయినా చేస్తూనే ఉంది.

రేవు గట్టు మీద పక్కింటి పనగూల వచ్చి కూర్చుంది. "నలభై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే 'నీ పాడె కట్టా' అంటున్నావు గదా వదినా. ఒక్కసారైనా పోయాడా? ఈ పిల్ల పిలిస్తే పోతాడా?"

"తిట్టు వేరు. నేను పాటలో పెట్టలేదు."

పనగూల కూడా కొండమొన వైపు తిరిగి కూర్చుంది.

సాయంత్రం ఏడింటికి రాతి మెట్లు నిండాయి. పడవ రాలేదు. కల్లిరోయి చివరి వరసలో, సముద్రం కనిపించేలా కూర్చుంది. కింద నెఫెలి శవం దగ్గరకు వచ్చింది. శవమంటే గుడ్డ చుట్టిన దిమ్మ. ఆ పిల్ల నోరు తెరిచేలోపే కల్లిరోయి లేచి మెట్లు దిగింది. కళ్ళంలో అడుగుపెట్టి దిమ్మ పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

తొమ్మిదేళ్ళ కిందట గులకరాళ్ళ ఒడ్డుకు ఒక పడుచువాడి శవం కొట్టుకొచ్చింది. ఏ దేశంవాడో తెలియలేదు. శ్మశానం గోడవార పూడ్చారు. శిలువ మీద తారీఖు ఒక్కటే ఉంది. ఆ రోజు కల్లిరోయి వెళ్ళింది. పేరు లేనివాణ్ణి ఏమని పిలవాలో తెలియక, నోరు విప్పకుండా తిరిగొచ్చింది.

"గోడవార పడుకున్న నాయనా," అని ఇప్పుడు ఎత్తుకుంది. "నీకెవరూ ఏడవలేదు. పొద్దున వేరే పేరు పెట్టి పిలిచారు, తప్పు మాదే. ఈ ఏడుపు నీది. నువ్వే తీసుకో. దీన్ని ఇంకొకర్ని వెతుక్కోనివ్వకు."

ఒకరు ఎత్తుకుంటే రెండోవాళ్ళు ఊరుకోకూడదు. మూడో వరసలోంచి పనగూల అందుకుంది. ఆమె వెనక ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. నెఫెలి తన మాటలన్నీ వదిలేసి వాళ్ళ పక్కన కూర్చుంది. చివర ఏథెన్స్ జనం చప్పట్లు కొట్టారు. ఊరి ఆడవాళ్ళు కొట్టలేదు, శిలువ గుర్తు వేసుకున్నారు.

కల్లిరోయి ఆ చప్పట్లు ఆగేదాకా ఉండలేదు. రేవుకు దిగేసరికి పూర్తిగా చీకటి పడలేదు. గాలి తగ్గింది. కొండమొన వైపు చాలాసేపు ఏమీ లేదు. తరవాత దగ్గుతూ, ఆగుతూ ఇంజను చప్పుడు.

"తాడు పట్టు!" పియెరోస్ పడవలోంచే అరిచాడు. "దరిద్రపు ఇంజను మొన వెనకాల ఆగిపోయింది. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నా." తాడు విసిరి ఆమె నల్ల రుమాలు వైపు చూశాడు. "నీ గొంతు నీళ్ళ మీద వినిపించిందే. ఎవరు పోయారు?"

"నీకు తెలియదులే. పాతవాడే."

ఆమె తాడు కట్టింది. ముడి విప్పి మళ్ళీ కట్టింది.

"రేపు కూడా ఆట ఉందట. రేపు నువ్వు పడవ తీయకు."

"ఆటకీ పడవకీ ఏం సంబంధం?"

"ఇంజను చెడిందన్నావుగా" అంది కల్లిరోయి.