బెణుకేనన్నాను

ఒక అబద్ధాన్ని నలభై ఏళ్లుగా మోస్తున్నాను. మావారికి చెప్పలేదు. అమ్మ మంచాన పడి, నా చేయి పట్టుకుని ఊరికే నావైపు చూస్తూ గడిపిన ఆ నెలరోజుల్లో ఆవిడకీ చెప్పలేదు. చెప్పాల్సింది మా తమ్ముడు సూర్యానికి. వాడికి అసలు చెప్పనేలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో అనగలననిపిస్తోంది. మధ్యలో ఆగిపోతానేమోనని భయంగానూ ఉంది.

మాది ఆగిరిపల్లి దగ్గర ఊరు. మామిడితోటలు, కొంచెం మాగాణి. నాన్న బందరులో రెండేళ్లు కాలేజీలో చదివి మానేశారు. అక్కణ్ణుంచి ఆయన వెంట తెచ్చుకున్నది టెన్నిస్ ఒక్కటే. నూర్పిళ్లు అయిపోగానే తోట పక్కనున్న కళ్లాన్ని చదును చేయించి, పేడతో అలికించి, సున్నంతో గీతలు గీయించి, మధ్యలో వల కట్టించేవారు. ఊళ్లో ఆయనతో ఆడేవాళ్లెవరూ లేరు. అందుకని నాకు తొమ్మిదేళ్లప్పుడు రాకెట్ నా చేతికిచ్చారు.

నేను బాగా ఆడేదాన్ని. ఇంత చిన్న మాట రాయడానికి కూడా నాకు ఇన్నేళ్లు పట్టింది. పన్నెండో ఏట నాన్ననే ఓడించాను. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. ఇక కళ్లం వైపు వెళ్లకూడదని అమ్మ చెప్పింది. నాన్న అడ్డుపడతారని రెండు రోజులు ఎదురుచూశాను. ఆయన తల ఎత్తకుండా అన్నం తిని వెళ్లిపోయేవారు. మూడో రోజు నా రాకెట్‌ని సూర్యానికిచ్చారు. వాడికప్పుడు తొమ్మిదేళ్లు.

వాడికి రాకెట్ పట్టుకోవడం నేర్పింది నేనే. మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీసేవేళ, పెరట్లో, బంతి విసిరి విసిరి నేర్పాను. ఎడమవైపు వచ్చే బంతికి ముందు భుజం తిప్పాలని, తర్వాతే చేయి కదలాలని వందసార్లు చెప్పి ఉంటాను. నాకు పదహారో ఏట పెళ్లయి విస్సన్నపేట వెళ్లేదాకా, మూడు వేసవులు అలా గడిచాయి. అప్పుడు వాడంటే నాకు ఈర్ష్య ఉందా? ఉంటే తెలియలేదు. వాడి చేతుల్లోంచి నేనే ఆడుతున్నట్టు ఉండేది.

తర్వాత వాడు బెజవాడలో చదువుకు చేరాడు. పదిహేనేళ్లకే పెద్దవాళ్లను ఓడించాడు. గుంటూరులో గెలిచాడు. మద్రాసులో గెలిచాడు. పేపర్లో వాడి ఫోటో పడితే నాన్న ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని, నూజివీడు నుంచి వచ్చిన మామిడికాయల బేరగాళ్లకు కూడా చూపించేవారు. నేను పన్నెండో ఏట ఆయన్ని ఓడించిన సంగతి ఎవరికైనా చెప్పారా? నాకు తెలిసి, లేదు.

ఒకసారి వెండికప్పు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. మా అత్తగారు వాడికి పీట వేసి కూర్చోబెట్టి, దిష్టి తగులుతుందని మెటికలు విరిచారు. ఇంత ఆట ఎవరు నేర్పారోయ్ అని మావారు అడిగారు. నేను మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాను. ఎవరూ నేర్పలేదు బావగారూ, పెరట్లో గోడకేసి కొట్టుకుంటూ నా అంతట నేనే నేర్చుకున్నాను అన్నాడు.

వాడు అబద్ధం ఆడలేదు. మరిచిపోయాడు. నన్ను దాచాలని చూసినా బాగుండేది, కనీసం దాచదగ్గ మనిషినయ్యేదాన్ని. మజ్జిగ ఇచ్చాను. తాగి, ఇంకొంచెం ఉప్పు వేయాల్సిందక్కా అన్నాడు. ఆరోజు నుంచి వాడి గెలుపు కబురు వచ్చినప్పుడల్లా నా నోరు నవ్వేది. వాడు ఓడిపోయిన కబురు కోసం పేపరు వెతికేదాన్ని. అవును, వెతికేదాన్ని.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవికి వాడికి పందొమ్మిదేళ్లు. బెంగుళూరులో పెద్ద పోటీలు. అక్కడ గెలిస్తే మద్రాసు కంపెనీ ఒకటి ఉద్యోగమిచ్చి, ఏడాదంతా ఆడించి, కలకత్తా బొంబాయి పంపుతానంది. నేను కాయల కాలమని పుట్టింటికి వచ్చి ఉన్నాను. ప్రయాణానికి వారం ముందు కళ్లంలో ఆడుతూ సూర్యం పడ్డాడు. కుడిచేయి కింద ఊని పడ్డాడు. మణికట్టు వాచింది. నూజివీడులో ఉన్న డాక్టరుగారు బెజవాడ పంపి ఎక్స్‌రే తీయించారు.

ఫోటో వచ్చిన రోజున ఆయనే ఆగిరిపల్లిలో ఎవరినో చూడటానికి పోతూ మా ఇంటి ముందు కారు ఆపారు. నాన్న, సూర్యం తోటలో కాయలు కోయిస్తున్నారు. అమ్మ పెరట్లో ఆడకూలీలతో ఆవకాయ ముక్కలు కొట్టిస్తోంది. వీధరుగు మీద నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన ఫోటోని ఎండకేసి పట్టి చూపించారు. బొటనవేలి కిందుగా, చింతగింజంత ఎముక మీద, వెంట్రుకలాంటి గీత. ఇది బెణుకు కాదమ్మా, ఎముక విరిగింది అన్నారు. కదిలిస్తే ఇక అతకదు, రేపే బెజవాడ వెళ్లి పిండికట్టు వేయించుకోమను, మూడు నెలలు రాకెట్ ముట్టుకోకూడదు అన్నారు. ఆయన ఎల్లుండి కాకినాడకు మకాం మార్చేస్తున్నారు. మర్చిపోకుండా చెప్పమ్మా అని ఫోటో కవరు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

సాయంత్రం సూర్యం తోట నుంచి వచ్చాడు. చొక్కా నిండా రసాల మరకలు. మణికట్టుకి తడిగుడ్డ.

"అక్కా, డాక్టరుగారి కారు వచ్చిందంట? ఏంటన్నారు?"

నేను బియ్యం ఏరుతున్నాను. తల ఎత్తలేదు.

"మాట్లాడవేంటి? అమ్మని పిలవకపోయావా? ఇలాంటివి నీకేం అర్థమవుతాయి?"

"బాగానే అర్థమైంది. బెణుకేనన్నారు."

"నిజంగా? ఆడొచ్చా?"

"పట్టీ కట్టుకుని ఆడుకోమన్నారు."

"మరి ఫోటో ఏదీ?"

"ఆయన దగ్గరే ఉంచుకున్నారు."

వాడు ఒక్క గంతు వేశాడు. ఎడమచేత్తో నా తల పట్టుకుని ఊపేసి, "మా అక్క బంగారం!" అని అరుస్తూ లోపలికి పరిగెత్తాడు. నాన్నకి చెప్పాడు. అమ్మకి చెప్పాడు. ఇల్లంతా తేలికపడింది.

నీకేం అర్థమవుతాయి అన్నాడు కాబట్టి నోరు జారిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అలా అనుకుంటే నిద్ర పట్టేది. కానీ వాడు తోట నుంచి రాకముందే ఆ కవరు నా చీరల పెట్టె అడుగున ఉంది. నేనే పెట్టాను. ఎందుకు పెట్టాను? నాన్నకు నేనే స్వయంగా ఇద్దామనా? నిజం చెప్పి ఉంటే మూడు నెలలు వాడు ఇంట్లో కూర్చునేవాడు. అందరూ వాడి చుట్టూ తిరిగేవారు. నాలుగో నెలలో మళ్లీ మొదలుపెట్టేవాడు. అది నాకు చాల్లేదేమో. వెళ్లి, అందరి ముందూ ఓడిపోవాలి. అంతవరకే కోరుకున్నానా? ఎముక ఇక అతకదన్న మాట కూడా విన్నాను కదా. ఆ మాట ఎక్కడ పెట్టుకున్నాను?

మర్నాడు పొద్దున్నే ఫోటోని నీళ్లపొయ్యిలో పెట్టాను. ముడుచుకుపోతూ ఘాటైన వాసన వేసింది. అదేం వాసనే అని అమ్మ అడిగితే, ఏదో చెత్త అన్నాను.

వాడు రైలెక్కడానికి ఇంకా రెండు రోజులున్నాయి. రెండు రోజులూ వాడికి అన్నం నేనే వడ్డించాను.

బెంగుళూరులో రెండు ఆటలు గెలిచాడు. మూడోదాంట్లో రాకెట్ చేతిలోంచి జారి పడిపోయిందని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం నాన్న పైకి చదువుతుంటే నాకు ముందు కలిగింది సంతోషం. ఎంతసేపు? అన్నం వార్చినంతసేపు. తర్వాత భయం పట్టుకుంది. అప్పుడైనా చెప్పొచ్చు. అప్పటికీ ఆలస్యం కాలేదేమో. చెప్పలేదు. పట్టీ కట్టుకుని, నొప్పికి మాత్రలు మింగుతూ వాడు ఇంకో ఆరునెలలు ఆడాడు. బెణుకే కదా, తగ్గుతుందని. చివరికి మద్రాసులో ఒక పెద్ద డాక్టరు మళ్లీ ఫోటో తీయించి, ఎముక చచ్చిపోయిందనీ, మొదట్లోనే కట్టు వేయించి ఉంటే అతికేదనీ చెప్పాడు. కంపెనీవాళ్లు మర్యాదగా ఒక ఉత్తరం రాసి ఊరుకున్నారు.

వాడు అంత తేలిగ్గా వదల్లేదు. ఏడాదిపాటు ఎడమచేత్తో నేర్చుకున్నాడు. బెజవాడ పోటీల్లో స్కూలు పిల్లల చేతిలో ఓడిపోయి, మరుసటి ఏడు కూడా వెళ్లి మళ్లీ ఓడిపోయి, ఇరవై రెండో ఏట ఇంటికి వచ్చేశాడు.

నాన్న నూజివీడు డాక్టరుగారిని తిట్టని రోజు లేదు. గుడ్డివాడనేవారు, హంతకుడనేవారు. మా చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో ఆయన పేరు అలాగే నిలిచిపోయింది. ఎక్కడో కాకినాడలో ఉన్న ఆయనకి ఏ తప్పూ లేదు. అదీ నేను చేసిందే.

సూర్యం జీవితం పాడైపోయిందని చెప్పలేను. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని చదివించాడు, తోటలు చూసుకున్నాడు. నవ్వుతూనే ఉండేవాడు. కానీ కుడి మణికట్టు వంగేది కాదు. పెళ్లిభోజనాల్లో వాడు చేయంతా తిప్పి ముద్ద నోట్లో పెట్టుకోవడానికి పడే అవస్థ చూడలేక నేను వేరే వరసలో కూర్చునేదాన్ని.

పోయిన ఏడు వాడికి గుండెజబ్బు చేసింది. చూడటానికి వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. పక్కన కూర్చుని, సూర్యం, ఆ డాక్టరుగారు అసలు ఏమన్నారంటే అని మొదలుపెట్టాను. వాడు నా మాట పూర్తి కానివ్వలేదు. "ఆయన మీద నాకు కోపం లేదక్కా. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఎప్పుడో వదిలేశాను" అన్నాడు. నేను "అవును" అన్నాను.

ఆ అవును రెండో అబద్ధం. మొదటిది ఇరవైమూడేళ్ల పిల్ల ఆడింది. రెండోది తెల్లజుట్టుతో, అన్నీ తెలిసి, వాడి మొహం చూస్తూ ఆడాను. ఎవరినో క్షమించేశానన్న తృప్తితో వాడు కళ్లు మూసుకున్నాడు. మాఘంలో పోయాడు.

పదకొండో రోజున బంధువులంతా, తల్లి తర్వాత తల్లిలా చూసుకున్నావమ్మా అని నన్ను మెచ్చుకున్నారు. ఎవరికీ ఎదురు చెప్పలేదు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించాల్సినవాడు లేడు, ఉన్నప్పుడు నేను అడగలేదు. డాక్టరుగారు ఎముక విరిగిందనే చెప్పారు. నేను బెణుకన్నాను. నా తమ్ముడి మీద నాకు అసూయ. ఇంతే. ఎన్నిసార్లు కాగితాలు చింపానో, ఇప్పటికి రాయగలిగాను. మీరు నన్ను ఏమనుకున్నా సరే. ఇక ఈ సంగతి నా ఒక్కదాని దగ్గరే లేదు.