పాప స్కేట్లకు నేను పట్టిన సాన

పోయిన శుక్రవారం మా రూమ్‌లో ఉండే నిజామాబాద్ అతను కళ్ళజోడు మార్పించుకోవాలంటే తోడుగా మాల్‌కు వెళ్ళాను. ఈ మధ్య మస్కట్‌లోని ఈ హమ్రియాలో మా సందు దాటడమే తగ్గిపోయింది నాకు. మోకాళ్ళు ఒప్పుకోవు, అవి ఒప్పుకున్న రోజున మనసు ఒప్పుకోదు. అతను అద్దాల దుకాణంలో కూర్చుంటే నేను మెల్లగా నడుచుకుంటూ పోయి, పిల్లలు ఐసు మీద జారుతూ హాకీ ఆడే రింకు ముందు ఆగాను. పైన పెద్ద తెర మీద పిల్లల పేర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఎరుపు జట్టులోకో నీలం జట్టులోకో వెళ్ళి కూర్చుంటున్నాయి, కింద తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. అందరినీ కంప్యూటరే సమానంగా పంచేస్తుందట, కోచ్‌లకు ఇక తగువే లేదట. పక్కన నిలబడ్డ సెక్యూరిటీ అతను ఎంతో గొప్పగా చెప్పాడు. పైకి అచ్ఛా అన్నాను గానీ, నాకు లోపల ఉక్రోషం వచ్చింది. అలాంటి పంపకం ఒకటి కళ్ళముందు జరుగుతుంటే చెమటలు పట్టి కూర్చున్నవాణ్ణి నేను, అదీ ఐసుగడ్డ పక్కన.

మన వయసు వాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో మస్కట్ వచ్చామంటే సెంట్రింగ్ పనికో, మేస్త్రీ కింద హెల్పర్‌గానో వచ్చినట్టే. నేనూ కోరుట్ల పక్క పల్లె నుంచి అలాగే వచ్చాను. రెండో ఏడు సైట్‌లో కాలుజారి నడుము పట్టేస్తే, బరువులు ఎత్తలేనివాణ్ణి ఏం చేసుకోవాలో తెలియక కంపెనీ వాళ్ళు ఒక ఐసు రింకులో మెయింటెనెన్స్ డ్యూటీకి పంపారు. బయట ఎండకు తారురోడ్డు మెత్తబడుతుంటే నేను లోపల స్వెట్టరు వేసుకొని, మఫ్లరు చుట్టుకొని పని చేసేవాణ్ణి. ఆ సంగతి ఫోన్‌లో చెబితే మా ఆవిడ నాకు తాగుడు అలవాటయిందనుకుని ఏడ్చింది. ఒక ఫోటో దిగి ఉత్తరంలో పెట్టి పంపేదాకా నమ్మలేదు.

నా పని స్కేట్ల గదిలో. వచ్చినవాళ్ళకు సైజు చూసి స్కేట్లు ఇవ్వడం, తిరిగి తీసుకొని తుడవడం, బ్లేడ్లకు సాన పట్టడం. ఈ సాన సంగతి కొంచెం చెప్పాలి. స్కేటు బ్లేడు మన కత్తిలాగా ఒకే అంచుతో ఉండదు. అడుగున సన్నటి కాలువలాంటి గాడి ఉండి, దానికి అటొకటి ఇటొకటి రెండంచులు ఉంటాయి. గాడి లోతయినకొద్దీ అంచులు ఐసును గట్టిగా పట్టుకుంటాయి, లోతు తగ్గితే జారనిస్తాయి. బరువున్న పెద్దవాళ్ళకు ఎంత, పిడికెడు పిల్లలకు ఎంత అన్నది చేతికి తెలియాలి. నాకు అది ఏడాదిలో తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది. బ్లేడు అరిగిన తీరు చూస్తే ఆ పిల్లాడు ఎలా ఆడతాడో చెప్పేయొచ్చు. ఎడమ కాలి లోపలి అంచు ఒక్కటే అరిగిందంటే వాడు ఒకే పక్కకు తిరగగలడు, ముందు మొన అరిగిందంటే పరుగే తప్ప ఆగడం రాదు. ఒకసారి మాట వరసకు ఒమానీ కోచ్‌తో అలా ఒక పిల్లాడి గురించి చెబితే, ఆయన వెళ్ళి చూసి, నిజమేనని తల ఊపుకుంటూ వచ్చాడు. అప్పటి నుంచి జట్లు పంచుకునే సాయంత్రం నన్ను కూడా పిలిచి ఒక మూల కుర్చీ వేయించేవారు.

ఆ పంచుకోవడాన్నే వాళ్ళు డ్రాఫ్టు అనేవారు. సీజన్ మొదట్లో పిల్లలందరికీ నంబర్ల బనియన్లు తొడిగి, ఒక గంట ఐసు మీద ఆడించి చూస్తారు. ఆ సాయంత్రమే నలుగురు కోచ్‌లు క్యాంటీన్ బల్ల చుట్టూ కూర్చొని, చీటీలు తీసి వంతులు వేసుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లాణ్ణో పిల్లనో ఎంచుకుంటూ పోతారు. మొదటి చుట్టులో ముందు కోరుకున్నవాడు రెండో చుట్టులో చివరికి పోవాలి, అన్నదమ్ములుంటే విడదీయకూడదు. మొదట్లో అందరూ వేగం ఉన్నవాళ్ళ కోసం ఎగబడేవారు. సగం అయ్యేసరికి తన జట్టులో ఏం లోటుందో ఒక్కొక్కరికీ తెలిసొచ్చేది. వెనక నిలబడి కాచేవాడు కావాలి, ఎడమచేతి వాటం వాడు కావాలి, బెంచీ మీద పేచీ పెట్టకుండా కూర్చునేవాడు కావాలి. ఒక పిల్లాణ్ణయితే వాళ్ళ నాన్నకు పెద్ద కారు ఉందనీ, సగం జట్టును ఇళ్ళ దగ్గర దించుతాడనీ తీసుకున్నారు. చలిదేశం నుంచి వచ్చిన పెద్ద కోచ్ దీన్ని మహా గంభీరంగా జరిపించేవాడు, మిగతా ముగ్గురూ కరక్ చాయ్ తాగుతూ చేపల బజారులో లాగా బేరాలాడేవారు.

ఇక పాప సంగతి. ఒక ఒమానీ ఇంటి ఆడపిల్ల, పదేళ్ళది. ఆ పిల్లను రింకుకు తీసుకొచ్చేది కడప జిల్లా అక్క. ఆ ఇంట్లో పనికి కుదిరిన ఏడాదే పాప పుట్టిందట. తల్లి ఉద్యోగానికి వెళ్తుంటే స్నానం, తిండి, నిద్ర అన్నీ అక్క చేతుల మీదే జరిగాయి. అందుకని ఆ పిల్లకు అరబీతో పాటు రాయచోటి తెలుగు వచ్చు. నన్ను చూసిన మొదటి రోజే స్కేట్లు చూపించి, ఇవి కాలు కరుచ్చాండాయి మామా అంది. ఆ స్కేట్లు వాళ్ళ అన్నలు వాడి వదిలేసినవి. మొద్దుబారి ఉండేవి, సాన పట్టమని ఎవరూ నాకు ఇవ్వలేదు. వాటితోనే రెండేళ్ళు జారుతూ నేర్చుకుంది. వేగం తక్కువే గానీ, పడేది కాదు. పెద్దపెద్ద పిల్లలు గుద్దుకుంటూ పోతుంటే పక్కకు ఒరిగి నీళ్ళలో పడవలా తప్పుకునేది.

ఆ ఏడు వచ్చిన పిల్లలు ఎక్కువ, జట్లలో చోట్లు తక్కువ. ఆరుగురు మిగిలిపోతారని ముందే తెలుసు. పాప వాళ్ళ నాన్న ఒక మాట తేల్చి చెప్పాడట. జట్టులోకి ఎంచుకుంటే ఆడనిస్తాను, లేకపోతే ఆట మాన్పించి సాయంత్రాలు ట్యూషన్‌కు పంపిస్తాను, బస్సు ఇంటికే వస్తుంది అని. ట్యూషన్ అయితే ఇక పిల్ల వెంట తిరిగే మనిషి అక్కర్లేదు. అక్క వీసా ఆ నెలాఖరుతో అయిపోతుంది, మళ్ళీ కొట్టించరు. ఈ సంగతి అక్క నాకు స్కేట్ల గది కిటికీ దగ్గర నిలబడి చెప్పింది. ఇంకో ఇంట్లో పని చూద్దామా అన్నాను.

"పని యాడైనా దొరుకుతాది అబ్బీ. ఈ పిల్ల యాడ దొరుకుతాది?" అంది. మళ్ళీ తనే, "రేపు కోచ్‌లంతా సూచ్చారంట గదా. మా పాప స్కేట్లకు బాగా సాన పట్టు. ఇంగెవురికీ పట్టనంత పట్టు" అంది.

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఎంపికకు ముందు రెండు రోజులు ఎవరి బ్లేడూ ముట్టుకోవద్దని పెద్ద కోచ్ గట్టిగా చెప్పి ఉన్నాడు, ఎందుకో కూడా నాకు తెలుసు. కానీ నేను కాపు ఇంట్లో పుట్టినవాణ్ణి. వరికోతలకు ముందు కొడవళ్ళకు కక్కు పెట్టించి, ఎంత పదునుంటే పని అంత సులువని నమ్మిన చేతులివి. పైగా ఆ అక్క కళ్ళలో నీళ్ళు. నువ్వు ఫికర్ చెయ్యకు, నేను చూస్కుంట అక్కా అని చెప్పి, ఎంతో ప్రేమగా, ఎప్పుడూ పట్టనంత లోతుగా పట్టాను. గోరు ఆనిస్తే పొట్టు లేచింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు పాప ఐసు మీద అడుగు పెట్టి నాలుగు బారలు పోయిందో లేదో బొక్కబోర్లా పడింది. లేచి మళ్ళీ పడింది. జారడం అలవాటయిన పాదాన్ని ఆ పదును ఎక్కడికక్కడ పట్టి నిలిపేస్తుంటే పిల్ల ఏం చేస్తుంది? తన కాళ్ళు తనవి కానట్టు కిందికి చూసుకుంటుంది, రింకు చుట్టూ ఉండే అద్దం ఇవతలి అక్క వైపు చూస్తుంది, మళ్ళీ పడుతుంది. అక్క చేతులు రెండూ అద్దానికి ఆనించి నిలబడింది. నాకు మొదటి పడడంలోనే అర్థమైంది, కానీ గంట సేపు కాళ్ళు కదల్లేదు, నోరు లేవలేదు. ఆ గంట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సాయంత్రం డ్రాఫ్టులో ఒక్కొక్క చుట్టూ అవుతోంది, పాప నంబరు ఎవరి నోటా రావడం లేదు. ఆఖరి చుట్టు వచ్చింది. ఒమానీ కోచ్‌కు ఒకే ఒక్క చోటు మిగిలింది. అప్పుడు లేచి నిలబడి, నాకొచ్చిన హిందీలో చెప్పేశాను. తప్పు పిల్లది కాదు సాబ్, నాది, వద్దన్న పని చేశాను అని. డ్యూటీ పోతుందనే అనుకున్నాను. పెద్ద కోచ్ స్కేట్లు తెమ్మన్నాడు. ఒమానీ కోచ్ బ్లేడు మీద వేలు ఆనించి చూసి, ఇది స్కేటా, నడుముకు కట్టుకునే ఖంజరా అని అడిగాడు. అందరూ నవ్వారు గానీ, మళ్ళీ ఆడించి చూడడం కుదరదని పెద్ద కోచ్ తేల్చేశాడు. ఒక్క పిల్లకు రెండో అవకాశం ఇస్తే మిగతా వాళ్ళకు అన్యాయం కదా అన్నాడు. ఆయన అన్నది న్యాయమే.

నేను కూర్చోలేదు. ఒమానీ కోచ్ జట్టులో గోల్‌కీపర్ లేడు. ఆ ఏడు గోల్ దగ్గర నిలబడతామన్న పిల్లలు ముగ్గురే, వాళ్ళను మిగతా ముగ్గురు కోచ్‌లు ముందే ఎగరేసుకుపోయారు. అది పట్టుకున్నాను. గోల్‌కీపర్ల బ్లేడుకు నేను గాడి దాదాపు లేకుండా సాన పడతాను సాబ్, వాళ్ళు అటూ ఇటూ జారాలి కాబట్టి. ఈ పిల్ల రెండేళ్ళుగా మొద్దు స్కేట్లతో నేర్చుకున్నది అదే. నిన్న సాన పట్టకముందు చూశాను, నాలుగంచులూ సమానంగా అరిగి ఉన్నాయి అన్నాను. బంతి బదులు వాళ్ళు కొట్టే రబ్బరు బిళ్ళ మీదికొస్తే భయపడదా అని ఆయన అడిగాడు. అది నాకు తెలియదు, పిల్లనే అడగండి అన్నాను. ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి, తన జాబితాలో ఆఖరి గీత మీద పెన్సిల్‌తో పాప పేరు రాశాడు.

మర్నాడు అడిగితే ఆ పిల్ల బిళ్ళ గురించి అడగనే లేదు. గోల్‌కీపర్ మధ్యలో దిగి బెంచీ మీద కూర్చోవాలా అని అడిగిందట. అక్కర్లేదు, ఆటంతా ఐసు మీదే అంటే, అయితే సరే అందట.

అక్క మాత్రం నాతో రెండు వారాలు మాట్లాడలేదు. నేనే జరిగింది దాచకుండా చెప్పాను మరి. స్కేట్లు కిటికీలో పెట్టి అటు తిరిగి నిలబడేది. మూడో వారం డబ్బా నిండా బొరుగుల ఉగ్గాని తెచ్చి పెట్టి, "పట్టమన్నది నేనే గదా అబ్బీ, నిన్నంటే ఏమొచ్చాది" అంది. నేను డ్యూటీ మీద కూర్చుని, ఏడుపు ఆపుకుంటూ ఆ ఉగ్గాని తిన్నాను.

అలా ఇంకో మూడేళ్ళు వాళ్ళిద్దరూ కలిసి ఉన్నారు. పాప ముఖానికి మాస్కు వేసుకొని గోల్ ముందు నిలబడితే, అక్క దాని వెనక అద్దం అవతల శాలువా కప్పుకొని నిలబడేది. ఆట మధ్యలో జట్లు వైపులు మారితే అక్క కూడా రింకు చుట్టూ తిరిగి అటు వెళ్ళేది. ఎడం పక్క సూసుకో పాపా, వాడొచ్చాండాడు అని అరిచేది. తెలుసులేక్కా అని మాస్కులోంచి జవాబు వచ్చేది. ఆవిడ ఏ భాషలో ఏం చెబుతోందో తేల్చమని అవతలి కోచ్‌లు నా మీద పడేవారు. దేవుణ్ణి తలుచుకుంటోంది సాబ్ అనేవాణ్ణి.

పాపకు పదమూడు నిండాక వాళ్ళ నాన్నకు ఎక్కడో దక్షిణాన ఉన్న సలాలాకు బదిలీ అయింది. పెద్దదయింది, ఇక ఆయా ఎందుకని అక్క వీసా రద్దు చేశారు. ఆఖరి రోజు ఆట అయ్యాక అక్క మోకాళ్ళ మీద కూర్చొని లేసులు విప్పింది, పదమూడేళ్ళ పిల్ల సిగ్గుపడకుండా కాళ్ళు చాపింది. బ్లేడ్లను శాలువా కొంగుతో తడి లేకుండా తుడిచి నా చేతికిచ్చి, "ఇంగ పట్టొద్దు అబ్బీ, అట్లే ఉండనీ" అంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు రింకూ మూతపడింది, నేను హమ్రియాలో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో కుదిరాను.

కంప్యూటరు పంచితే నాలాంటివాడి తొందరపాటు వల్ల ఏ పిల్లా పడదు, అది మంచిదే, కాదనను. కానీ పిల్లలను పేరుపేరునా ఎరిగిన నలుగురు ఒక బల్ల దగ్గర కూర్చొని, వీణ్ణి వదిలేస్తే ఎలా అని తగువాడుకోవడం ఉండేది. లేచి నిలబడి, నా మాట కూడా వినండి అనే చోటు స్కేట్లు తుడిచేవాడికి కూడా ఉండేది. ఇప్పుడు తెరకు ఎవరు చెప్పుకుంటారు?

అక్క రాయచోటి నుంచి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. కళ్ళు సరిగ్గా కనబడవు, మాట మాత్రం అదే. మా ఇంటి సంగతులన్నీ అడిగి, చివర్లో గొంతు తగ్గించి, సలాలా నుంచి ఎవురన్నా వచ్చిరా అబ్బీ, పాప ఎట్లుందంట అంటుంది. ఆ పిల్ల ఏ ఊళ్ళో ఉందో, ఎంతమంది బిడ్డల తల్లయిందో, ఆ తెలుగు ఇంకా నోట్లో ఉందో లేదో నాకు తెలియదు. సలాలా నుంచి నా దగ్గరికి ఎవరూ రారు. మంచిగున్నదంట అక్కా, నిన్ను అడిగిందంట అని చెబుతాను. అట్లనా అంటుంది. ఏ సలాలా మనిషి, ఎప్పుడొచ్చాడు అని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తిరిగి అడగలేదు.