వెర్నా ఇచ్చిన తాళంచెవి

వెర్నా టిబెట్స్ ఎవరినీ ఓ పట్టాన నమ్మదు. మిషన్లో చేయి పెట్టే ముందు కరెంటు ఆపి, స్విచ్చికి ఎవరి తాళం వాళ్లు వేసి, తాళంచెవి జేబులో ఉంచుకోవడం అమెరికాలోని మెయిన్ రాష్ట్రం మిల్లుల్లో పద్ధతి. కాగితం మిల్లులో ఫోర్మన్ తొందరపెడితే ఒకసారి ఆమె చేయి లోపలుండగానే తాళంచెవి ఇచ్చేసింది. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. అప్పటినుంచి ఆ చేతిని ఎదుటివాళ్ల ముఖం ముందు ఆడించనిదే ఆమె మాట పూర్తి కాదు.

కొత్త రంపపు మిల్లువాళ్లు హైస్కూలుకొచ్చి పిల్లలకు పని నేర్పుతామనగానే వెర్నాకు అనుమానం పట్టుకుంది. వాళ్ల మనిషి థిబోడో పిల్లలకు డోనట్లు తెచ్చాడని విని అది రెట్టింపయింది. కానీ మనవరాలు కోరిన్‌కు అందులో చోటు దొరక్కపోతే తల్లిలాగే మోటెల్ గదులు ఊడవాలి.

ఇంటర్వ్యూకు తీసుకెళ్తూ ట్రక్కులో చెప్పింది. "వాళ్లకు తలూపేవాళ్లు కావాలే పిల్లా. ఏమడిగినా సరేనను. ముందు పని చేతికి రానీ."

"మా మాస్టారు అలా చెప్పలేదు అమ్మమ్మా."

"మీ మాస్టారు మిల్లులో చేశాడేంటి?"

పెద్దవాళ్లను పక్కన కూర్చోనిచ్చారు. వెర్నా డోనట్ ముట్టలేదు. థిబోడో బూట్లకు ఒక్క గీతైనా లేకపోవడం గమనించి, దొంగ వెధవ అనుకుంది.

అతను అడిగాడు. "మిషను ఇరుక్కుంది. తాళం వేసి లోపల చేయి పెట్టావు. బయట సరుకు కోసం లారీ ఆగి ఉంది. సూపర్‌వైజరొచ్చి తాళంచెవి ఇమ్మంటాడు. ఏం చేస్తావు?"

కోరిన్ అమ్మమ్మ వైపు చూసింది. "ఇచ్చేస్తానండి."

థిబోడో ముఖంలో నవ్వు పోయింది. "బడిలో ఇదేనా నేర్పింది?"

"కాదండి. ఎవరడిగినా ఇవ్వొద్దన్నారు. మీకు సరేనంటేనే ఇష్టమని..."

"నువ్వు చేయి పోగొట్టుకుంటే మీ అమ్మకు నేనేం చెప్పాలమ్మా? ఈ ఏడాదికి తీసుకోలేను."

వెర్నా కుర్చీలోంచి లేచింది. "దాన్నేమీ అనకండి. సరేననమని చెప్పి తెచ్చింది నేను."

అతను ఆమె కుడిచేతిని చూశాడు. "మీరా?" అని మాత్రం అన్నాడు.

ఊరందరి ముందూ ఆడించిన ఆ చేతిని వెర్నా కోటు జేబులో దాచుకుంది. ఇల్లు చేరేదాకా బయటికి తీయలేదు. ట్రక్కును కోరిన్ నడిపింది.