లొంగిపోయిన సారు

మా కంప్యూటరు సారు పోయారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం సౌకార్‌పేటలో, తాను పనిచేసే కాగితాల అంగట్లో స్టూలు మీద కూర్చుని పార్సెళ్ల మీద చిరునామాలు రాస్తూ, ఛాతీ పట్టుకుని పక్కకు ఒరిగిపోయారట. ఆ సందులోకి ఆటో రాలేకపోయింది. నలుగురు కూలీలు మోసుకుంటూ పెద్ద రోడ్డు దాకా తెచ్చేసరికే ప్రాణం పోయింది. నాకు రెండు రోజుల తరువాత తెలిసింది, అదీ మా ఆఫీసులో ఒకతను నవ్వు మొహంతో చెబితే.

"మీ లొంగిపోయిన సారు పోయినాడంట గదా" అన్నాడు.

ఆ పేరు కోసమే ఇది రాస్తున్నాను. టి. నగర్‌లో కంప్యూటరు క్లాసులకు తిరిగినవాళ్లలో చాలామంది ఆయనను ఆ పేరుతోనే ఎరుగుదురు. ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం ఒక్కదానికే సరిగ్గా తెలుసు, అది నేను. తెలిసి ఏడాదిన్నర నోరు మూసుకుని కూర్చున్నాను.

పాండీ బజారు వెనక ఒక చీరల దుకాణం మేడ మీద ఉండేది మా సెంటరు. వారమంతా మామూలు పాఠాలు. శనివారం పొద్దున ఆట క్లాసు. ఆ ఆట సారు సొంతంగా రాసింది. తెర మీద రెండు సైన్యాలు, పచ్చ చుక్కలూ ఎర్ర చుక్కలూ. అవి గింజలు ఏరి తెచ్చుకోవాలి, ఆ గింజలతో కొత్త సిపాయిల్ని చేసుకోవాలి, ఎదుటివాడి కోట కూల్చాలి. చదరంగంలోలాగా వంతులుండవు, రెండు వైపులా ఒకేసారి కదులుతుంటాయి. ఆడేది మాత్రం మనం కాదు, మనం రాసిన ప్రోగ్రాము. ఒకసారి మొదలయ్యాక కీబోర్డు ముట్టుకుంటే ఓడినట్టే. అందుకే ఆట ముందు "చేతులు కట్టుకోండి" అనేవారు. చిన్నపిల్లల్లా చేతులు కట్టుకుని చూసేవాళ్లం.

"ఇప్పుడు మీకొచ్చే తెలివితో ఈడ పని లేదు. నిన్న మీకుండిన తెలివి దా ఈడ ఆడతాది" అనేవారు. అరవం కలిసిన తెలుగు ఆయనది, 'తెలివే' అనడానికి 'తెలివి దా' అనేవారు.

సన్నగా ఉండేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక గళ్ల కాగితం. తన చాక్‌పీసు చేతులను పంచె అంచుకు కాక మా నోటు పుస్తకాల అట్టలకు తుడిచేవారని మేము ఏడిపిస్తే, నవ్వి మళ్లీ అదే పని చేసేవారు. చింతాద్రిపేట నుంచి రోజూ నడిచే వచ్చేవారు.

ఆయన పద్ధతి ఒకటుండేది. కొత్తగా రాసిన ఏ లైనూ నేరుగా కంప్యూటరులోకి పోకూడదు. ముందు క్యారమ్ బోర్డు మీద ఆడించాలి. తెల్లబిళ్లలు ఒక సైన్యం, నల్లబిళ్లలు ఒక సైన్యం, చింతగింజలు ధాన్యం. లైన్లు రాసినవాళ్లు బోర్డుకు వీపు చేసి కూర్చోవాలి. ఇంకొకరు కాగితం చూసి, అందులో ఏముంటే అదే, ఒక్క మెతుకు సొంత బుద్ధి కలపకుండా బిళ్లలు జరపాలి. నా బిళ్లలు గోడకు గుద్దుకుంటున్నాయని వెనక నుంచి నవ్వులు వినిపిస్తే ఒళ్లు మండేది. బోర్డు మీద గెలిచిన తరువాతే సారు ఆ కాగితం మీద టిక్కు పెట్టేవారు.

ఊళ్లో ఇంకో మూడు సెంటర్లు కూడా ఆయన ఆటను తీసుకున్నాయి. ఏటా నాలుగింటికీ పోటీ జరిగేది. రెండేళ్లు వరసగా మేం ఓడాం. మూడో ఏడు మా యజమాని, మేమంతా వింటుండగానే, "ఈసారి కూడా ఓడితే ఈ క్లాసూ వద్దు, దీనికొక సారూ వద్దు" అన్నాడు. సారు తల ఊపి బోర్డు మీద బిళ్లలు సర్దుకున్నారు. ఆయనకు అదొక్కటే బతుకుతెరువని మాకందరికీ తెలుసు.

పోటీ నియమాల్లో ఒకటి చెప్పాలి. సైన్యమంతా నాశనమైతే సున్నా. ఓటమి ఖాయమని ముందే తెలుసుకుని లొంగిపోతే ఒక పాయింటు. మా ప్రోగ్రాములో లొంగిపోయే భాగం రాసే పని సారు చివర్లో నాకొక్కదానికే చెప్పారు, మిగతావాళ్లకు తెలియదు. పోటీకి ముందురోజు రాశాను. తేలికైన లెక్కే. కనబడే శత్రువులు నా సిపాయిలకంటే ఎక్కువైతే లొంగిపో. అంతే. దీనికి క్యారమ్ బోర్డు ఎందుకని నా పొగరు. మళ్లీ గోడవైపు మొహం పెట్టి నవ్వించుకోవడం నాకిష్టం లేదు.

"బోర్డు మీద చూసినావా పాపా?" అని అడిగారు.

"చూసినాను సార్" అన్నాను.

ఆయన నమ్మారు. చూడకుండానే టిక్కు పెట్టారు. ఆయన అలా పెట్టింది ఆ ఒక్కసారే.

ఫైనలులో మేం గెలుస్తున్నాం. తెరలో సగానికి పైగా మా పచ్చ చుక్కలే. శత్రువు దగ్గరలో లేడు కాబట్టి మా ప్రోగ్రాము సిపాయిలందరినీ గింజలు మోయడానికి పంపింది. అది మంచి ఎత్తే. కానీ గింజలు మోసేవాడు నా లెక్కలో సిపాయి కాడు, కూలీ. సరిగ్గా అప్పుడు ఎదుటివాళ్ల ఎర్ర చుక్క ఒకటి దారి తప్పి మా కోట పక్కకు వచ్చింది. శత్రువులు ఒకరు, సిపాయిలు సున్నా. మా ప్రోగ్రాము లొంగిపోయింది.

హాలంతా ఒకటే నవ్వు. ఎదుటి జట్టువాళ్లు కూడా ముందు అర్థంకాక ఒకరి మొహాలొకరు చూసుకుని, తరువాత నవ్వారు. మా యజమాని లేచి, "ఆ లైను ఎవరు రాసింది?" అన్నాడు. సారు తెర వైపు చూశారు. ఆ తరువాత ఒక్క క్షణం నా వైపు. నేను చేతులు కట్టుకునే ఉన్నాను.

"నేనే సార్" అన్నారు సారు.

నేను లేవలేదు. లేవాలని కాళ్లకు చెప్పుకున్నానని కూడా అబద్ధం చెప్పను. హమ్మయ్య అనుకున్నాను.

మెట్లు దిగేటప్పుడు నా పక్కకు వచ్చి మెల్లిగా అన్నారు. "గింజలు మోసేవాళ్లని కూడా లెక్కలో ఎయ్యాల పాపా. ఇంకోసారి రాసేటప్పుడు చూసుకో." తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఇంత నీచంగా బతికేదాన్ని కాదేమో. ఆ వారమే ఆయనను తీసేశారు. ఆ పోటీలో రెండో స్థానం వచ్చిన సర్టిఫికెట్టు చూపించి నేను ఉద్యోగం తెచ్చుకున్నాను. తప్పు చేసిన సారుకు ఏ సెంటరులోనూ పని దొరకలేదు. పోయి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడంతోనే సరిపెట్టుకున్నాను.

నిన్న చింతాద్రిపేట వెళ్లాను. సారు భార్యను చూడడం అదే మొదలు. చాప వేసి, వద్దంటున్నా కాఫీ కలిపి తెచ్చి ముందు పెట్టారు. సారు దగ్గర నేర్చుకున్నదాన్నని చెప్పాను.

"ఒకటి అడగతాను, మనసులో పెట్టుకోకుండా చెప్పు పాపా. అంత చదివిన మనిషి, పిల్లకాయలకి చెప్పే మనిషి, అంత చిన్న తప్పు ఎట్ల చేసినాడు? పని పోయినప్పటినించి దినమూ అడిగినాను. అన్నం పెట్టేటప్పుడు కూడా అడిగినాను. ఆ మంగళవారం పొద్దున కూడా అడిగి దా పంపించినాను. నోరు తెరవలా."

చెప్పాను. ఏదీ దాచలేదు. బోర్డు మీద చూశానని అబద్ధమాడింది కూడా చెప్పాను.

ఆవిడ ఏడుస్తారనుకున్నాను, తిడతారనుకున్నాను. "నువ్వని ఆయనకి తెలుసునా?" అని మాత్రం అడిగారు.

"తెలుసమ్మా."

ఆవిడ లేచి, నేనింకా నోట పెట్టని కాఫీ గ్లాసు నా ముందు నుంచి తీసుకుని లోపలికి వెళ్లారు. తూములో ఒంపిన చప్పుడు వినిపించింది. ఆ తరువాత గ్లాసు తోముతున్న చప్పుడు. నేను చాప చుట్టి గోడకు నిలబెట్టి, గడప దాటి చెప్పులు వేసుకుని, కాసేపు అక్కడే నిలబడ్డాను. లోపల ఆవిడ ఆ ఒక్క గ్లాసునే ఇంకా తోముతున్నారు.