గూని తిమింగలం కోసం మాట్లాడిన లాంచీ

మస్కట్‌లో మా మేస్త్రి అన్న ఒక నర్సును లాంచీలో ఎక్కించుకుని పారిపోబోయాడని మా జిల్లాలో ఇప్పటికీ అంటారు. ఆయన పోయినా ఆ మాట పోలేదు. అది పుట్టింది నా నోట. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల చివర. మా కంపెనీ క్యాంపు అజైబాలో. నేను టైమ్‌కీపర్‌ని. జబ్బుపడినవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లడమూ నా డ్యూటీయే. మేస్త్రి అన్న వేలు రాయి కింద నలిగినప్పుడు కట్టుకట్టిన నర్సు భీమవరం వైపు అమ్మాయి. చెయ్యి విరిగి ఆమె వార్డులోనే ఉన్న ఒక ఒమానీ లాంచీ యజమాని ఆమెకో సంగతి చెప్పాడు. చలికాలంలో వీపు గూనిలా వంచి మునిగే తిమింగలాలు వస్తాయట. చూస్తానంటే ఒక శుక్రవారం లాంచీ కిరాయికి ఇస్తాడట. ఆ రోజు నుంచి ఆమెకు అదే ధ్యాస. కానీ హాస్టల్ దాటాలంటే మేట్రన్ ఒప్పుకోవాలి, పెద్దమనిషి తోడుండాలి.

"మీరొస్తే మేట్రన్ కాదనదు అన్నయ్యా. ఇంకో ఇద్దరు సిస్టర్లు కూడా వస్తామంటున్నారు" అంది మేస్త్రి అన్నతో.

"వస్త గని బిడ్డా, మా తమ్మిని గూడ తీస్కొస్త. ఈనకు అనుమానం ఎక్కువ. సముద్రంల చాపను జూసినా పాసుపోర్టు అడుగుతడు."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

అనుమానం నాకు నిజంగానే ఎక్కువ. క్యాంపు నుంచి ఎవడు ఎప్పుడు జారుకుంటాడో కనిపెట్టడమే నా ఉద్యోగంలో సగం. మేస్త్రి అన్న లాంచీవాడితో మాట్లాడటానికి నన్ను పిలవకుండా మత్రా రేవుకు వెళ్లేవాడు. "గాలి ఎట్లుంటదో అడిగొచ్చిన" అనేవాడు. గాలి సంగతి అడగడానికి అంతసేపా అనుకునేవాణ్ణి. ఒకరోజు మత్రా బజారులో ఆయన ఆకుపచ్చ గాజులు ఏరుతుంటే చూశాను. చంకలో రవికెగుడ్డ పొట్లం. రూమ్‌కొచ్చి చూస్తే ఆయన మంచం కింద పసుపు పూసిన దారం ఆరుతోంది.

"గాజులెవలికే అన్నా?"

"అడగకు. శుక్రారం నీకే ఎరుకైతది."

ఆ వారమే ఆస్పత్రిలో మేట్రన్ నన్ను ఆపింది. మలయాళీ ఆవిడ, మాతో హిందీలో మాట్లాడేది. "వో మేస్త్రి కైసా ఆద్మీ హై?" అని అడిగింది. మంచివాడే అన్నాను. అక్కడితో ఆగలేదు. ఇంటిదగ్గర పెళ్లాం ఉందనీ, ఇక్కడ గాజులూ పసుపుతాడూ కొంటున్నాడనీ చెప్పాను. నర్సులెవరికీ అనుమతి రాలేదు. ఎందుకు రాలేదో వార్డులన్నిటికీ తెలిసింది.

మాట్లాడిన లాంచీ వదులుకోవద్దని మేస్త్రి అన్న మా రూమ్‌వాళ్లను పోగుచేశాడు. మేట్రన్‌కు ఆ మాట ఎవరు చెప్పారో ఆయనకు తెలియదు. లాంచీ కదలకముందు ముందుకొయ్యకు పసుపుదారం కట్టి, గాజులూ రవికెగుడ్డా నీళ్లలో వదిలి దండం పెట్టాడు. ఆయన పుట్టింది గోదావరి ఒడ్డున, చేపలు పట్టే ఇంట్లో. నాది చెరువు కూడా సరిగా నిండని ఊరు, మగ్గాల ఇల్లు.

"కొత్త నీళ్లు తమ్మీ. గంగమ్మకు పెట్టకుంట ఎట్ల పోతం? ముందే చెప్తే నవ్వుతరని ఊకున్న."

లాంచీవాడు ఆ దారాన్ని ఒకసారి చూసి, బిస్మిల్లా అని ఇంజను తిప్పాడు.

మధ్యాహ్నం దాటాక తిమింగలం వచ్చింది. ముందు ఊపిరి చప్పుడు, ఖాళీ డ్రమ్ము మూత ఎగిరినట్టు. తర్వాత నల్లటి వీపు లేచి, వంగి, వంగుతూనే ఉంది. చివరికి తోక నిలువుగా నిలబడి నీళ్లు కార్చుకుంటూ దిగిపోయింది. అందరూ కేకలు వేశారు.

తర్వాతి వారం ఒక జ్వరం మనిషిని తీసుకుని వార్డుకు వెళ్లాను. ఆ నర్సే థర్మామీటరు విదిలిస్తూ అడిగింది.

"కనబడిందా అన్నయ్యా?"

"లేదమ్మా. ఉత్త నీళ్లే."

"పోన్లెండి. అయితే నేనేం పోగొట్టుకోలేదన్నమాట. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు ఆమె అక్కడ లేదు. కాంట్రాక్టు పొడిగించలేదు, ఆ పుకారే కారణం, అదీ ఆమె వెంటే ఇంటికి వెళ్లింది. ఆమె కోరింది తిమింగలాన్ని చూడటం, అంతే. ఆ మాట, గాజులు గంగమ్మకేనన్న మాట మేట్రన్‌తో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, నేను చెప్పలేదు. జబ్బుపడినవాళ్లను తీసుకుని నేను ఆవిడ గది ముందు నుంచే వెళ్తుండేవాణ్ణి. ఆవిడ తలెత్తి పలకరించేది. క్యాంపులో ఇంకెవరి గురించి అడగాలన్నా నన్నే పిలిచేది.