గోళ్లరంగు చుక్కల రైలు

నిన్న మా అక్క కూతురు వరండాలో కూర్చుని గోళ్లకు ఎర్రరంగు వేసుకుంటుంటే ఆ ఘాటు వాసన వంటింట్లో ఉన్న నా దాకా వచ్చింది. ఆ వాసనకు ఇంకొకరికి పెళ్లిళ్లో పండుగలో గుర్తొస్తాయి కాబోలు. నాకు రైలు గుర్తొస్తుంది, రైలు వెనకాలే మా సరళ టీచర్ వస్తారు. నవ్వకండి, చెబుతాను.

టీచర్ మాకు ఇబ్రహీంపట్నం బడిలో సైన్సు చెప్పేవారు. మీర్‌పేట్ నుంచి రోజూ బస్సులో వచ్చి, దిగగానే సాగర్ రోడ్డు గతుకులను నోరారా తిట్టేవారు. ఒకరోజు నడుము పట్టుకునే క్లాసులోకి వచ్చారు. "పట్టాలకు తగలకుండ గాలిల తేలుకుంట పోయే రైలు ఉంటదంట పిల్లలు! ఇగ ఈసారి సైన్సు ఫేర్‌కు గదే చేద్దాం. నా నడుము బాధ జర తీరుతది" అన్నారు. క్లాసంతా గొల్లుమన్నది కానీ ఆవిడ నిజంగానే అన్నారు. వారం తిరక్కుండా సిటీ నుంచి బిళ్లల్లాంటి చిన్న చిన్న మాగ్నెట్లు తెచ్చారు.

పని తీరు ఇదీ: ప్రతి మాగ్నెట్‌కు రెండు ముఖాలు. ఒకే రకం ముఖాలు ఎదురుపడితే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, వేర్వేరు ముఖాలైతే టక్కున అతుక్కుంటాయి. అట్టమీద దారి పొడవునా మాగ్నెట్లను ఒకే ముఖం పైకి ఉండేలా అతికించి, థర్మోకోల్ రైలు అడుగున అదే ముఖం కిందికి పెట్టి, పక్కకు జారకుండా దారికి అంచులు కడితే రైలు తేలుతుంది. ముఖం గుర్తుండడానికి టీచర్ ప్రతిదానికీ కుంకుమబొట్టు పెట్టారు. అతికించే పని నాది. నా అరచేతులకేమో ఎప్పుడూ చెమటే, బొట్లన్నీ చెరిగిపోయాయి. భయపడుతూనే, "మా ఆపా గోళ్లరంగు తేనా టీచర్?" అన్నాను. ఆపా అంటే మా అక్క. "తే బిడ్డ. మీ ఆపా కొట్లాటకొస్తె మాత్రం నువ్వే ముందు నిలబడాలె" అన్నారు. మళ్లీ ఒక్కొక్కటే పరీక్షించి రంగుచుక్కలు ఆవిడే పెట్టారు, నేను చుక్క పైకి ఉండేలా అతికించాను.

హెడ్మాస్టర్ చూడటానికి వచ్చిన రోజు రైలు దర్జాగా బయలుదేరి, సగం దారిలో టక్కుమని కూలబడింది. మళ్లీ తోస్తే మళ్లీ అక్కడే. "ఎవరు అతికిచ్చిన్రు గిది?" అన్నారాయన. పిల్లలందరూ నావైపు చూశారు. ఇంట్లో చెప్పుకోవడానికి కూడా లేకుండా నన్ను ఫేర్ నుంచి తీసేస్తారనే అనుకున్నాను.

"సబీహాను అనకుండ్రి సార్. చుక్క పెట్టింది నేను. ఒకదానికి తప్పు దిక్కు పెట్టినట్టున్న" అన్నారు టీచర్, చాక్‌పీస్ అయిపోయిందని చెప్పినంత మామూలుగా. పెద్దవాళ్లు తమ తప్పు అలా చెప్పడం అంతకుముందు నేను చూడలేదు. హెడ్మాస్టర్ వెళ్లాక నా చేతిలో ఒక మాగ్నెట్ పెట్టారు. "చుక్క కిందికి పట్టుకొని అన్నిటి మీద తిప్పు. నెట్టకుండ గుంజిందంటె అది ఉల్టా ఉన్నట్టు. ఇగ నుంచి నేను పెట్టినది నువ్వు చూడాలె. టీచర్ పెట్టిందని ఇడిసిపెట్టకు" అన్నారు.

ఫేర్ రోజు బస్సు గతుకులకు దారి మీది మాగ్నెట్ ఒకటి ఊడింది. జడ్జీలు పక్క బల్ల దగ్గరికి వచ్చేశారు. హడావుడిలో టీచరే దాన్ని జిగురు పెట్టి అతికించి, చేతులు తుడుచుకునే లోపల వాళ్లు మా ముందున్నారు. నేనింకా చూడలేదు. ఆవిడ రైలును తోయబోతున్నారు. ఊరుకుంటే రైలు మళ్లీ కూలబడవచ్చు, నోరు తెరిస్తే అంతమంది ముందు టీచర్‌ను అనుమానించినట్టవుతుంది.

"టీచర్, ఆగుండ్రి."

చెయ్యి అక్కడే ఆగింది. నేను మాగ్నెట్‌ను దారి పొడవునా తిప్పాను. అన్నీ నెట్టాయి. కొత్తగా అతికించినది మాత్రం నా వేళ్లను కిందికి గుంజింది. చుక్క కిందికి పోయింది! టీచర్ పకపకా నవ్వారు. జిగురు ఇంకా ఆరలేదు, పెకిలించి తిరగేశాను. "నీకెట్ల తెలిసిందమ్మా?" అని జడ్జీ అడిగితే చెప్పడం మొదలుపెట్టాను. క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని దాన్ని, ఆయన చాలనేదాకా చెప్పాను. రైలు ఈ చివరి నుంచి ఆ చివరికి నీళ్లమీద పడవలా పోయింది. రెండో బహుమతి వచ్చింది. బస్సు డిపో దగ్గర మిరపకాయ బజ్జీలు తినిపిస్తూ, "ఇయ్యాల నన్ను మంచిగ ఆపినవ్‌లే" అన్నారు టీచర్. బహుమతి ఎక్కడ పోయిందో తెలియదు కానీ ఆ మాట పోలేదు.

ఇప్పుడు నేను దవాఖానలో బ్లడ్ బ్యాంకులో పనిచేస్తున్నాను. మాకూ రక్తం గ్రూపుకొక రంగు చీటీ, అదే భయం: ఒక్క గుర్తు తప్పితే ఒక ప్రాణం. కొత్తగా చేరిన మానసకు నేను చీటీ అంటించిన ప్రతి రక్తం సంచీ ఇచ్చి చూడమంటాను. మొదట్లో, "మీరు చూసిన్రు కదా మేడం, మళ్ల నేనెందుకు?" అనేది. పోయిన వారం నేనొక సంచీ పంపించబోతుంటే, "మేడం, ఆగుండ్రి" అంది. ఆగాను. ఇద్దరం కలిసి చూశాం. చీటీ సరిగ్గానే ఉంది. పిల్ల సిగ్గుతో తల వంచుకుంది. నాకేమో సంతోషం పట్టలేక కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మంచిగ ఆపినవ్ బిడ్డ" అన్నాను. "రేపు గూడ ఆపు."