వరస తప్పిన ఉత్తరం

నా చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా రావులపాలెం లైబ్రరీలో చదువుకున్నదే. పగలు మార్కెట్లో అరటిగెలల కాటా దగ్గర పని, సాయంత్రం పుస్తకాలు. తొంభైల్లో రాజమండ్రి నుంచి ఒక రిటైరైన తెలుగు మాస్టారు ఏడాదికోసారి మా లైబ్రరీకి వచ్చి ప్రసంగించేవారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నా ప్రశ్నలకి లేచి నిలబడి జవాబు చెప్పేవారు.

మా ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. అలాంటివాళ్ళు ఈ జిల్లాల్లో చాలామంది ఉంటారు కనుక పట్టించుకోలేదు. ఒక ఏడు ఆయన, తన ముత్తాత గోదావరి వరదల్లో కోతపడిన లంక వదిలి వచ్చాడని చెబుతూ ఆ ఊరి పేరూ, ముత్తాత పేరూ అన్నారు. మా తాతదీ ఆ లంకే. ఇంటికెళ్ళి మా పెద్ద మేనత్తకి ఆ పేరు చెబితే, "మా పెద్దనాన్న కదరా" అంది. అన్నదమ్ముల్లో ఆయన పెద్దవాడు, మా తాత ఆఖరివాడు. మధ్య ఇరవై ఏళ్ళ తేడా. పైగా మా తాత రెండో పెళ్ళి సంతానం మా నాన్న.

మాస్టారికి ఉత్తరం రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. చుట్టరికం పేరుతో అతుక్కోవాలని చూస్తున్నాడనుకుంటారేమోనని భయం. అయినా ఆయన నావాడని చెప్పుకోవాలని ఉంది. "పూజ్యులైన తాతగారికి" అని మొదలుపెట్టి, వంశవృక్షం స్కేలుతో గీసి పంపాను. పది రోజులు జవాబు లేదు. తర్వాత కార్డు వచ్చింది, ఆదివారం ఇంటికి రమ్మని.

వెళ్ళేసరికి నేను గీసిన పటం ఆయన ఒళ్ళో ఉంది. నేను కాళ్ళకి దండం పెట్టబోతే చెయ్యి అడ్డుపెట్టారు.

"ఆగండి. పటం బాగా గీశారు గానీ మెట్లు లెక్కపెట్టలేదు. మీ తాతగారి అన్నగారు నాకు ముత్తాత. అంటే మీరు మా నాన్నగారి తరం. నాకు బాబాయి అవుతారండి."

ఇన్ని పుస్తకాలు చదివి, వయసు చూసి వరస కలిపేశాను. లోపల్నుంచి ఆయన భార్య వచ్చారు.

"అయితే నాకు మావగారా? తలుపు చాటు నుంచే కాఫీ ఇవ్వాలేంటండీ?" అంటూ నా ఎదురుగానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

భోజనం పెట్టి పంపారు. గుమ్మం దగ్గర మాస్టారు కాస్త మెల్లగా అన్నారు.

"ఈసారి చిరంజీవి అని రాయండి బాబాయిగారూ. నాకలా రాసేవాళ్ళు ఎవరూ మిగల్లేదు."

మర్నాడు పని ముగించుకుని లైబ్రరీ బల్ల మీద ఉత్తరం మొదలుపెట్టాను. నాకంటే దాదాపు నలభై ఏళ్ళు పెద్దాయనకి ఆ మాట రాయడానికి చాలాసేపు చెయ్యి ఆడలేదు. చివరికి రాశాను. ఆయన పేరు పక్కన గారు కూడా పెట్టాను. అది మాత్రం ఎప్పుడూ తీసెయ్యలేకపోయాను.